కాడి మోశావా, కోడి కోశావా

“ఇందులో నేనెక్కడున్నా?”

మూడేళ్ళ కిందట, చిల్లకల్లులో ఒక ఆదివారం మధ్యాహ్నం జయమణి తన భర్త ఏలీయాను అడిగిన ప్రశ్న ఇది. అడిగేటప్పటికి ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, ఒళ్ళో చాట ఉంది, చాటలో కందిపప్పు ఉంది. ఫోన్లో మోగుతున్నది ఆమె పాడిన పాటే. రాసింది, బాణీ కట్టింది, కీబోర్డు వాయించింది, అన్నిటినీ కలిపి ఒక పాటగా చేసింది ఏలీయా. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అందులో రెండు రకాల రిథమ్ ఉంది, కొండ మీద కొట్టినట్టు ఒక గంట ఉంది, వయొలిన్లలాంటివి ఏవో ఉన్నాయి. వాటన్నిటి వెనకాల ఎక్కడో ఒకామె ఏదో అంటోంది.

“ఉన్నావుగా. సరిగ్గా విను,” అన్నాడు ఏలీయా.

“వింటానే ఉన్నా బావా. కీబోర్డు వినపడతంది. ఆ గంటేదో వినపడతంది. నేనే వినపడట్లా.”

“పెద్ద హెడ్‌ఫోన్లో వింటే వినపడతావు.”

“అయితే ఊళ్ళో అందరికీ తలా ఒక హెడ్‌ఫోను కొనిపెట్టు.”

ఏలీయాకు కోపం రాలేదు. అయోమయంగా అనిపించింది. అతనికి పాటలో ప్రతి మాటా వినపడుతోంది. అచ్చు పోసినట్టు వినపడుతోంది. మరి ఈమెకేమైంది?

సంగీతం దేవుడిచ్చిన వరమని అంటుంటారు. ఏలీయాకు మాత్రం అది కంతుల మీద వచ్చింది. పక్కనే ఉన్న పేట టౌనులో ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా మూతపడ్డప్పుడు వాళ్ళ పాత కీబోర్డును పన్నెండు వేలకు ఆరు కంతుల్లో కొన్నాడు. మైకు నాలుగున్నర వేలు. పాటలు కలిపే సాఫ్ట్‌వేరు ఊరికే దొరికేది. పాఠాలు యూట్యూబులో విన్నాడు. చెప్పేవాళ్ళలో సగంమంది హిందీలో చెప్పేవాళ్ళు, అర్థమైనంత పట్టుకున్నాడు. గురువు కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునే విద్య ఇదని ఎవరైనా అంటే, ఆ గురువు నెలకు ఎంత తీసుకుంటాడని అడిగే రకం అతను.

ఉద్యోగం హైవే పక్కన వేబ్రిడ్జిలో. అందరూ కాటా అనే అంటారు. మిర్చి లారీలు, పత్తి లారీలు, క్వారీ నుంచి సున్నపురాయి లారీలు వచ్చి ఇనప పలకల మీద నిలబడతాయి. ఏలీయా చిన్న గదిలో కిటికీ పక్కన కూర్చుని బరువు చూసి చీటీ కొట్టి ఇస్తాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. లారీకీ లారీకీ మధ్య పది నిమిషాలు దొరికితే ఆ బల్ల మీదే తన లాప్‌టాప్ తెరిచి పాటలు కలుపుతాడు. బయట నిలబడ్డ లారీ ఇంజను ఆపడు డ్రైవరు. ఆ గుడగుడలో పాటలోని కింది శబ్దాలన్నీ మునిగిపోతాయి. అవి వినపడటం లేదని ఏలీయా వాటిని పెంచుతాడు. లారీ వెళ్ళిపోయాక ఆ పెంచినదాన్ని తగ్గించాలన్న సంగతి మర్చిపోతాడు. పాటకు పడ్డ మొదటి దెబ్బ అది. కాటా దగ్గర పని చేసేవాడికి పాటలో తూకం కుదరలేదని తెలిసి, చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడే డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నవ్వరా మరి?

జయమణి అతని మేనమామ కూతురు. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. చర్చిలో మైకు లేకుండా పాట ఎత్తుకునేది ఆమే. ఆమెది తీపి గొంతేమీ కాదు. మిరపకోతల్లో నాలుగు సాళ్ళ అవతలున్నవాళ్ళను పిలిచి మాట్లాడే తల్లి దగ్గర పెరిగిన గొంతు. కొంచెం గరుకు. మాట మొదట్లో పట్టు ఉంటుంది, చివర్లో విడుపు ఉంటుంది. ఏలీయా పాట కట్టేదే ఆ గొంతును మనసులో పెట్టుకుని. ఏ మాట దగ్గర ఆమె ఆగుతుందో, ఏ మాటను లాగుతుందో ముందే తెలుసు కాబట్టి ఆ ప్రకారం రాస్తాడు. పాడేవాళ్ళు ఇంకెవరూ దొరకరని కాదు, పేటలో నలుగురు దొరుకుతారు. కానీ వాళ్ళ కోసం రాయమంటే అతని చేతికి ఒక్క లైనూ రాదు.

రెండో పాటలో ఆమె గొంతు పెంచాడు. పెంచితే పొడిగా ఉందనిపించి ఎకో వేశాడు. వేసినకొద్దీ బాగున్నట్టే ఉంది, ఇంకొంచెం వేశాడు.

“ఈసారి ఉన్నాలే,” అంది జయమణి మొత్తం విని. “కాకపోతే బావిలో ఉన్నా.”

మూడో పాట దగ్గరికి వచ్చేసరికి ఆమె సరదా తగ్గిపోయింది. అది మే నెల. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను కట్టేసి, తలుపుకీ కిటికీకీ దుప్పట్లు వేలాడదీసి, ఆ ఉక్కలో పదకొండుసార్లు పాడించాడు ఆమె చేత. పదకొండోసారి పూర్తయ్యాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, దుప్పటి లాగేసి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పింది.

“చూడు బావా. ఇది కూడా అట్టాగే చేశావనుకో, ఇంక నీ కంప్యూటర్‌కి పాడను. చర్చిలో పాడుకుంటా. అక్కడ నన్ను ముంచేదానికి ఏమీ ఉండవు.”

ఆమె అన్నమాట తప్పే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కాఫీ బాగాలేదన్నాడని ఇప్పటికీ అతనికి టీ మాత్రమే ఇస్తోంది. కాబట్టి ఏలీయాకు పరిస్థితి అర్థమైంది. ఈ పాట చెడితే పోయేది ఒక్క పాట కాదు, రాబోయేవన్నీ పోతాయి.

పాట పల్లవి ఇది. పొలం పనులు చేసిన ఇంట్లో పుట్టినవాడు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటే ఎలా చెప్పుకుంటాడో అలాగే ఉంటుంది:

నా కాడి మోశావు
నా కాలి ముల్లు తీశావు

మాటలు తేలిక. బాణీ కూడా తేలికే. అందుకే దీనికి ఏదో తక్కువైందన్న భయం ఏలీయాకు పట్టుకుంది. నందిగామలో స్టీవెన్ అని ఫ్లూటు వాయించే కుర్రాడున్నాడు, పెళ్ళి కచేరీలకు వెళ్తుంటాడు. మూడు వేలు తీసుకుని, తన మేడ మీద గదిలో అరగంట వాయించి ఇచ్చాడు. బాగా వాయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. డప్పు దరువులు ఇంకొకరి దగ్గర పదిహేను వందలకు కొన్నాడు. అన్నీ తెచ్చి కాటా గదిలో కూర్చుని కలిపాడు. పది రోజులు పట్టింది. ఇదే నా మంచి పాట అనుకున్నాడు.

జయమణికి వినిపించే ధైర్యం లేక, ముందు సిలార్‌కు వినిపించాడు.

సిలార్ ఆటో చిల్లకల్లు అడ్డరోడ్డుకూ పేటకూ మధ్య తిరుగుతుంది, మనుషులు కుదిరితే నందిగామ దాకా వెళ్తుంది. యాభై ఏళ్ళ మనిషి. వెనక సీటు కింద రెండు పెద్ద స్పీకర్లు పెట్టించాడు. ప్రయాణికుల కోసమని చెబుతాడు గానీ, తనకోసమే. ఆ రోజు ఆటోలో వెనకాల కూరగాయల గంపతో ఒక పెద్దామె, ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఉన్నారు. ఏలీయా ముందు సీట్లో సిలార్ పక్కన ఇరుక్కుని ఫోను కలిపి పాట పెట్టాడు. వెనక్కి తిరిగి చూడకుండా, ఏమీ ఎరగనట్టు రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

రెండో పల్లవి అయ్యాక కూరగాయలామె అడిగింది.

“ఎవరి కోడయ్యా అది?”

ఏలీయా వెనక్కి తిరిగాడు. “కోడేందమ్మా?”

“కోడి కోశావు, కోడి కోశావు అంటందిగా. ఇందాకటి నుంచి అదే గోల. పైగా కాలి మువ్వ కూడా తీశాడంట. దొంగ మీద పాటా ఏంది?”

కాలేజీ పిల్లలు ఒకరి భుజంలో ఒకరు ముఖం దాచుకున్నారు. సిలార్ ఆటోను పక్కకు తీసి ఆపాడు. నవ్వుతూ నడపటం అతనికి చేతకాదు.

“దేవుడి పాటమ్మా అది,” అన్నాడు నవ్వు ఆపుకుని.

“దేవుడు కోళ్ళెందుకు కోత్తాడయ్యా?” అంది ఆమె. న్యాయమైన ప్రశ్నే.

ఏలీయా పాటను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. “కాడి మోశావు అమ్మా. కా-డి మో-శా-వు. తెలుస్తానే ఉందిగా. నాకు తెలుస్తంది. అన్నా, నీకు తెలియట్లేదా?”

“నాకు కూడా కోడే,” అన్నాడు సిలార్. “ఒక మాట చెప్పనా? నీకు వినపడేది పాట కాదయ్యా. నీ కాగితం.”

ఆ ఒక్క ముక్క కోసం ఏలీయా ఇప్పటికీ సిలార్‌ను తలుచుకుంటాడు. పాట రాసింది తనే. ప్రతి మాటా తనకు ముందే తెలుసు. గొంతును ఎంత కింద తొక్కినా, మాట ఎంత చెదిరినా, అతని తలకాయలోని కాగితం ఆ ఖాళీని నింపేస్తుంది. అతను వినటం లేదు, గుర్తు తెచ్చుకుంటున్నాడు. పరాయి పాట కలిపేవాడికి ఈ జబ్బు రాదు. తన పాట తనే రాసుకుని తనే కలుపుకునేవాడికి తప్పకుండా వస్తుంది.

కోడి ఎలా వచ్చిందో కూడా కాటా గదిలో కూర్చుని కనిపెట్టాడు. “మో” అనే అక్షరం మొదలయ్యేచోటే డప్పు దెబ్బ పడుతోంది. పెదవులు కలిపి పలికే ఆ మెత్తటి “మ” డప్పు కింద నలిగి, దాని టక్కుమనే చప్పుడుతో కలిసి “క” అయింది. కీబోర్డులో కింద నిలిపి పట్టిన స్వరం “కా”ను గుండ్రంగా చేసి “కో” చేసింది. ముల్లు మువ్వగా మారటం స్టీవెన్ పుణ్యం. సరిగ్గా అక్కడే ఫ్లూటు ఒక మెలిక తిరుగుతుంది.

ఆ రోజు నుంచి ఏలీయా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున డ్యూటీకి ముందు కొత్తగా కలిపిన పాటతో సిలార్ ఆటో ఎక్కేవాడు. ఎవరో ఒకరికి వినిపించి ఒకే ప్రశ్న అడిగేవాడు. “ఏం మాటలు వినపడ్డయ్యండీ?” పాట బాగుందా అని అడిగేవాడు కాదు. అడిగితే మనవాళ్ళు బాగుందనే అంటారు. కచేరీలో నిద్రపోయి లేచి కూడా బాగుందని చెప్పే మర్యాద మనది. ఈ దేశంలో ఎంత సంగీతం ఆ మర్యాద వల్ల చెడిందో లెక్క లేదు. ఏం వినపడిందని అడిగితే మాత్రం మొహమాటానికి చోటుండదు, విన్నది చెప్పాలంతే.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. చెవి ఒక్కసారికే పనికొస్తుంది. మాటలు తెలిసిపోయిన చెవి ఇంక ఏలీయా చెవితో సమానం. సిలార్ చెవి మొదటి వారంలోనే ఖర్చయిపోయింది. రోజూ కొత్త మనుషులు కావాలి. సిలార్ అడ్డరోడ్డులో మనుషులను ఎక్కించుకునేటప్పుడే, “ఏలీయా, కొత్తవాళ్ళు ముగ్గురు,” అని కేకేసేవాడు. మందుల షాపు గుమాస్తా ఒకడు “నా గోడ మోశావు” అని విన్నాడు. పరీక్షకు వెళ్తున్న కుర్రాడికి సంగీతం తప్ప ఏమీ వినపడలేదు. ఒకాయన మాత్రం అన్నీ సరిగ్గా చెప్పాడు. ఏలీయా సంబరపడేలోపు, నిన్న కూడా ఇదే ఆటోలో వచ్చానని అన్నాడు.

ఈలోపు రెడ్డిగూడెంలో అత్తగారింటికి వెళ్ళాల్సి వచ్చింది. జయమణి తల్లి రత్తమ్మకు డెబ్భై దాటాయి. చెవులు బాగానే పని చేస్తాయి. వరండాలో మంచం మీద కూర్చుని, అల్లుడి ఫోను చేతిలో పట్టుకుని పాటంతా విన్నది. జయమణి గడప దగ్గర నిలబడింది. ఆమె కూడా అప్పుడే మొదటిసారి వింటోంది.

“ఔనురా,” అంది రత్తమ్మ, పాట అయ్యాక. “మీ పెళ్ళికి ముందు నువ్వూ మీ అమ్మా వచ్చినప్పుడు రెండు కోళ్ళు కోశా. అందులో ఒకటి గుడ్లు పెట్టే పెట్ట. అది గుర్తు పెట్టుకుని పాట కట్టావంటే గొప్పే. ఎవరు కడతారు ఇట్టాంటి వాటి మీద?”

ఏలీయా తల గోక్కున్నాడు.

“పాడిందెవరు?” అని అడిగింది రత్తమ్మ.

“నీ కూతురే అత్తా.”

“మా జయమణా?” రత్తమ్మ ఫోనును చెవికి ఆనించుకుని ఇంకో రెండు ముక్కలు విన్నది. “దానికి జలుబు చేసిందా?”

జయమణి గడప దగ్గర నుంచి కదిలింది. లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

బస్సులో తిరిగి బయల్దేరారు. మైలవరం దాటాక ఆమె కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

“కీబోర్డుకి ఎంత పెట్టావు బావా?”

“పన్నెండు వేలు.”

“ఫ్లూటు?”

“మూడు వేలు. నీకు తెలుసుగా.”

“డప్పు?”

“పదిహేను వందలు.”

“నాకు?”

“నీకేంది...” అని ఆగిపోయాడు ఏలీయా.

“అదే అంటన్నా. నేను ఊరికే వచ్చా. ఊరికే వచ్చింది అడుక్కే పోద్ది. మా అమ్మకి కూడా వినపడనంత అడుక్కి.”

గృహిణి శ్రమకు విలువ కట్టాలని చెప్పే సభలు విజయవాడలో నెలకొకటి జరుగుతుంటాయి. ఏలీయా వాటికి ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళినా అతనికి ఆ మాట అంతగా తగిలేది కాదేమో. బస్సులో తగిలింది. ఎందుకంటే అది నిజం. లాప్‌టాప్ మీద ఫ్లూటు చప్పుడును పెంచి తగ్గించే గీటను కిందకు లాగబోయిన ప్రతిసారీ అతనికి మూడు వేలు గుర్తొచ్చేవి. డబ్బు పెట్టి తెచ్చింది కదా, వినపడాలి కదా. డప్పు తగ్గించాలంటే పదిహేను వందలు గుర్తొచ్చేవి. గొంతు తగ్గించేటప్పుడు మాత్రం ఏమీ గుర్తొచ్చేది కాదు. చెయ్యి సాఫీగా వెళ్ళిపోయేది.

కారణం తెలిసింది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంకో వారం ఫ్లూటు కొంచెం, డప్పు కొంచెం, కీబోర్డు కొంచెం తగ్గించి చూశాడు. ఒకదాన్ని తగ్గిస్తే ఇంకొకటి పెద్దదై కూర్చునేది. గొంతు పెంచితే ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఎవరో అరుస్తున్నట్టుండేది. ఆటోలో జనం గోడా కోడీ వదిలిపెట్టి ఇప్పుడు కొత్తగా “గాడి” అనటం మొదలుపెట్టారు. అది మాత్రం కాస్త దగ్గరికొచ్చినట్టే.

అప్పుడు వచ్చింది ఆ మిర్చి లారీ. కోల్డ్ స్టోరేజికి వెళ్ళే సరుకు. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, తొందరలో ఉన్నాను, సరుకు ఎంతుందో చెప్పెయ్యమన్నాడు. ఖాళీ బండి తూకం చీటీ ఏదని ఏలీయా అడిగాడు. లేదన్నాడు. లోడు ఎక్కించకముందు తూచలేదన్నాడు. అంచనాకు వెయ్యమన్నాడు.

“అంచనాకు వేసేదానికి కాటా ఎందుకయ్యా?” ఏలీయా గొంతు లేచింది. “ఖాళీ బండి ఎంతో తెలియకుండా సరుకెంతో నాకే కాదు, ఎవ్వరికీ తెలియదు. ముందు ఖాళీ బండి, తర్వాత లోడు. పద్నాలుగేళ్ళ నుంచి ఇదే చెబుతున్నా.”

సెలవు రోజు కావటంతో జయమణి క్యారియర్ తెచ్చి గదిలో బల్ల మీద పెడుతోంది. డ్రైవరు గొణుక్కుంటూ వెళ్ళేదాకా ఆగి, క్యారియర్ గిన్నెలు విడదీస్తూ అంది.

“పాటకి మాత్రం లోడు బండినే తూస్తన్నావు.”

ఏలీయా అన్నంలో పెట్టబోతున్న చెయ్యి ఆపాడు. “ఏందీ?”

“ఏం లేదు. తిను. చల్లారిపోద్ది.”

“అంటే నీ గొంతు ఖాళీ బండన్నమాట.”

“నన్ను ఖాళీ బండి అంటావా?” అంది జయమణి. కానీ నెలన్నర తర్వాత మొదటిసారి ఆమె మూతి చివర నవ్వు కనిపించింది.

తిన్న చెయ్యి కడుక్కోగానే ఏలీయా లాప్‌టాప్ తెరిచి అన్ని వాయిద్యాలనూ ఆపేశాడు. గంట పోయింది, వయొలిన్లు పోయాయి, స్టీవెన్ పోయాడు, డప్పు పోయింది. జయమణి గొంతు ఒక్కటే మిగిలింది. మూడు పాటలు చేసి, నెలల తరబడి కూర్చుని, ఆ గొంతును ఒంటరిగా మొదటి నుంచి చివరిదాకా అతను ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు విన్నాడు. “ముల్లు” దగ్గర ఆమె నాలుక ఒక క్షణం ఆగి, ముల్లును నిజంగా పట్టి లాగినట్టు విడిచింది. ఆ చోట ఫ్లూటు మెలిక పెట్టించినందుకు అతనికి సిగ్గేసింది. మూడో చరణానికి ముందు గాజుల చప్పుడు. చెమట తుడుచుకున్నట్టుంది. దాన్ని తీసెయ్యలేదు.

ఆ గొంతు తూకం ముందు ఖాయం చేశాడు. దాన్ని ఇంక ముట్టుకోకూడదనుకున్నాడు. తర్వాత ఒక్కొక్క సరుకే ఎక్కించాడు. డప్పు ఎక్కించి, మొత్తం పాట చప్పుడు తగ్గిస్తూ పోయాడు. ఇంక వినపడదనుకునే చోట చివరిదాకా మిగలాల్సింది గొంతు, డప్పు కాదు. డప్పు మిగిలితే డప్పు దించాడు. “మో” మీద పడే దెబ్బను సగానికి తగ్గించాడు. కీబోర్డును పల్లవిలో పూర్తిగా ఆపి చరణాల్లో మాత్రం ఉంచాడు. గంటను తీసి పారేశాడు. ఫ్లూటును ఆమె ఊపిరి తీసుకునే చోట్ల మాత్రమే ఉంచాడు. మూడు వేల ఫ్లూటులో ఎనిమిది వందల ఫ్లూటు మిగిలింది. మిగతాది తుడిచేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా తుడిచేశాడు. లారీ వచ్చి నిలబడ్డ ప్రతిసారీ చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఇంజను గుడగుడ దూరమయ్యేదాకా ఏ గీటనూ ముట్టుకోలేదు.

స్టీవెన్‌కు పంపితే అతను వెంటనే ఫోను చేశాడు. “అన్నా, నేనున్నానా ఇందులో? వేరే ఎవరినన్నా పెట్టుకున్నావా?”

“నువ్వేరా. ఆమె ఊపిరి పీల్చేటప్పుడు విను.”

స్టీవెన్ ఫోను పెట్టేశాడు. మూడో రోజు, నిజం చెప్పాలంటే అక్కడే బాగున్నానని మెసేజీ పెట్టాడు.

ఆ వారంలో నందిగామలో అంగన్‌వాడీ టీచర్ల మీటింగు పడింది. ఏలీయా సెలవు పెట్టి జయమణితో పాటు సిలార్ ఆటో ఎక్కాడు. ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఆమె పక్కన జి.కొండూరు నుంచి వచ్చి, పేటలో కూతుర్ని చూసి తిరిగి వెళ్తున్న ఒక ముసలామె ఉంది. సిలార్ ఏలీయా వైపు చూసి కళ్ళతోనే “కొత్త” అన్నాడు. ఏలీయా పాట పెట్టాడు. జయమణి ముఖం బయటికి తిప్పుకుని, పక్కన పోతున్న పత్తిచేలను లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. ఆటో హైవే మీద పోతోంది. పక్కనుంచి లారీలు హారను కొట్టుకుంటూ పోతున్నాయి.

పాట అయిపోయింది. ఏలీయా ఫోను ఆపి రోడ్డు వంకే చూశాడు. సిలార్ అడిగాడు.

“ఏం వినపడ్డదమ్మా?”

“ఏందయ్యా వినపడేది?” అంది ముసలామె విసుగ్గా. “కాడి మోశాడంట, కాలి ముల్లు తీశాడంట. అందరికీ అర్థమయ్యేదేగా. నాకు చెవుడనుకున్నావా?”

ఆమే మళ్ళీ అంది. “ఈమెది ఏ ఊరో గానీ, చేలో పని తెలిసినామె. కాడి అనే మాట ఊరికే అనలా.”

“మాదీ ఇటువైపేలే అమ్మా,” అంది జయమణి బయటికి చూస్తూనే.

ఏలీయా ముందు సీట్లో కూర్చుని అద్దంలో ఆమె చెంప ఒకటి మాత్రం చూడగలిగాడు. అది చాలింది. జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదని తర్వాత సిలార్‌తో అన్నాడు. సిలార్ దానికి, నా ఆటోలో గాలి బాగా ఆడుతుందిలే అన్నాడు.

నందిగామ గాంధీ బొమ్మ దగ్గర దిగాక జయమణి బ్యాగు భుజానికి తగిలించుకుని, మీటింగుకు ఆలస్యమవుతున్నా ఆగి, తేల్చుకోవాల్సింది తేల్చుకుంది.

“తర్వాత పాట ఎప్పుడు రాస్తావు?”

“రాస్తా. సగం అయింది. పాడతావా?”

“పాడతా. మూడు వేలు.”

“మొగుడి దగ్గర కూడానా?”

“స్టీవెన్ నీకు చుట్టమా పక్కమా? ఇచ్చావుగా. ఆ రేటే అడుగుతన్నా, ఎక్కువేం అడగలా. రేపు నా గొంతు మీద చెయ్యి వెయ్యబోతే నీకు మూడు వేలు గుర్తు రావాల.”

“అడ్వాన్సు తీసుకోమ్మా,” అన్నాడు సిలార్ ఆటోలోంచి. “కాటా వాళ్ళని నమ్మొద్దు.”

ఏలీయా ఒప్పుకున్నాడు. బేరం చెయ్యలేదు. బేరం చేసే మొహం అతనికి లేదు.

పాట యూట్యూబులో పెట్టినప్పుడు కింద కృతజ్ఞతలు రాయాలి. మామూలుగా అందరూ దేవుడికి మహిమ అని ఒక లైను రాసి వదిలేస్తారు. ఏలీయా అది రాశాడు. రాసి, ఆగి, ఇంకొంచెం రాశాడు. సిలార్ అన్న ఆటోకు, ఆ ఆటోలో ఇరవై రెండు రోజులు ప్రయాణం చేసి తప్పులు చెప్పినవారికి, కోడి అని విన్న కూరగాయల అమ్మకు, గోడ అని విన్న మందుల షాపు తమ్ముడికి, ఏమీ వినపడలేదన్న విద్యార్థికి అని రాశాడు. మెచ్చుకున్నవాళ్ళ పేర్లు అందులో లేవు. చర్చిలో ఒక పెద్దాయన చూసి, దేవుడి పక్కన కోడేందయ్యా, తీసెయ్యమన్నాడు. ఏలీయా తియ్యలేదు. వాళ్ళే లేకపోతే జయమణి ఇప్పుడు చర్చిలో మాత్రమే పాడుతూ ఉండేదనీ, తాను కాటా గదిలో ఒక కీబోర్డుకు యజమానిగా మిగిలిపోయేవాడననీ అతనికి తెలుసు. పాటను ఇప్పటికి ఆరు వేల పైచిలుకు మంది విన్నారు. పెద్ద సంఖ్యేమీ కాదు. కామెంట్లలో కోడి గురించి ఎవరూ అడగలేదు.

నాలుగో పాట ఆగస్టులో పూర్తయింది. ముందు గొంతు తూచి, తర్వాత సరుకు ఎక్కించాడు. ఆటోలో ఆరు రోజులే పట్టింది. జయమణికి ఇవ్వాల్సిన మూడు వేలలో జీతం రాగానే వెయ్యి, దసరాకు వెయ్యి, మిర్చి సీజనులో ఓవర్‌టైమ్ డబ్బులు వచ్చినప్పుడు మూడు వందలు ఇచ్చాడు. ఏడు వందలు ఇంకా బాకీ ఉంది.